ఆటోగ్రేడర్ దిద్దిన పెర్కొలేషన్ అసైన్‌మెంట్: నా అనుభవం

ప్రిన్స్‌టన్ అధ్యాపకులు రాబర్ట్ సెడ్జ్‌విక్, కెవిన్ వేన్ ఆన్‌లైన్ చదువుల సైటు కోర్సెరాలో ఉచితంగా అందిస్తున్న అల్గారిథమ్స్ కోర్సును ఉద్యోగం చేసుకుంటూ చదివాను. పాఠాలు ఎంత బాగున్నా, అసైన్‌మెంట్లు దిద్దే ఆటోగ్రేడర్ దగ్గరే నేను ఎక్కువ నేర్చుకున్నాను. జావా ఫైళ్లను జిప్ చేసి అప్‌లోడ్ చేస్తే, కాసేపటికి మార్కులతో పాటు సుదీర్ఘమైన రిపోర్టు వస్తుంది.

మొదటి అసైన్‌మెంట్ పెర్కొలేషన్, అంటే నీరు పైనుంచి కిందికి ఇంకడం. గ్రిడ్‌లో గడులను ఒక్కొక్కటిగా తెరుస్తూ పోతే, పై వరుస నుంచి కింది వరుస దాకా దారి ఎప్పుడు ఏర్పడుతుందో కనిపెట్టాలి. పై వరుసనంతటినీ ఒక కల్పిత బిందువుకూ, కింది వరుసను మరో దానికీ కలిపితే, ఆ రెండూ కలిశాయా అన్న ఒక్క ప్రశ్నతో జవాబు దొరుకుతుందని పాఠంలోనే చెబుతారు. నేనూ అలాగే రాశాను. ఆటోగ్రేడర్ పెట్టే చాలా టెస్టులు పాసయ్యాయి కానీ, నీరు కింది నుంచి వెనక్కి ఎక్కినట్టు ప్రోగ్రామ్ పొరబడుతోందా అని చూసే బ్యాక్‌వాష్ టెస్టు ఫెయిలైంది.

తప్పని చెప్పి ఊరుకోవడం ఆ రిపోర్టు పద్ధతి కాదు. 20×20 గ్రిడ్‌లో 231 గడులు తెరిచాక, 18వ వరుస మొదటి గడిలోకి పైనుంచి నీరు చేరిందని నా ప్రోగ్రామ్ అంటుండగా, చేరలేదన్నదే సరైన జవాబని అది చూపించింది. కాగితం మీద గీసుకుంటే విషయం తేలింది: ఆ గడికి పైనుంచి దారే లేదు, కింది కల్పిత బిందువు గుండా చుట్టుతిరిగి పైభాగంతో కలుస్తోంది.

ఏ గడులు ఒకదానితో ఒకటి కలిశాయో గుర్తుంచుకునే నిర్మాణాన్ని యూనియన్-ఫైండ్ అంటారు. కింది బిందువు లేని రెండో యూనియన్-ఫైండ్‌ను చేర్చాక ఆ టెస్టు పాసైంది. ప్రోగ్రామ్ వాడుకోవడానికి ఆటోగ్రేడర్ పెట్టిన మెమరీ పరిమితిలో ప్రధాన భాగం గడుల సంఖ్యకు 17 రెట్ల బైట్లు. ఒక్కో యూనియన్-ఫైండ్‌లో గడికి రెండు పూర్ణసంఖ్యలు, అంటే 8 బైట్లు, రెండింటికీ 16, గడి తెరిచి ఉందో లేదో గుర్తుంచుకోవడానికి మరో బైటు, వెరసి సరిగ్గా 17. ఈ లెక్క వేసుకున్నాక, టెస్టులు రాసినవారు మా ఆలోచనలను ఎంత ముందుగా ఊహించారో అర్థమై వారి మీద గౌరవం పెరిగింది.

మరో కోర్సులో టెస్టులన్నీ దాచిపెట్టి ‘రాంగ్ ఆన్సర్’ అని మాత్రమే చూపేవారు. అక్కడ నా శ్రమంతా తప్పెక్కడో ఊహించడానికే సరిపోయింది. పరీక్షకైతే అది సబబే కావచ్చు, నేర్చుకునేవారికి మాత్రం అన్యాయమని నా నమ్మకం.

ఈ కోర్సులో చేరేవారు రిపోర్టులోని మార్కులను పక్కనపెట్టి, ముందుగా ఫెయిలైన మొదటి టెస్టును చదవాలి. తర్వాతి వైఫల్యాలు చాలావరకు దాని వెంట వచ్చేవే.