దేవదూత రెక్కను నేయాలంటే

విక్టోరియా కాలపు టాపెస్ట్రీలో (రంగు పోగులతో బొమ్మనే నేసే గోడ తెరల కళలో) దేవదూతలనగానే ముందు చూడాల్సింది ‘ఏంజెలీ లౌడాంటెస్’. 1894లో ఇంగ్లండ్‌లోని మోరిస్ కంపెనీ తన మెర్టన్ ఆబీ కార్ఖానా మగ్గాలపై నేయించింది. దూతల బొమ్మలు చిత్రకారుడు బర్న్-జోన్స్ 1878లో సాల్స్‌బరీ కెథెడ్రల్ రంగుగాజు కిటికీలకు గీసినవే. వెనక పూలు, ఆకులు మోరిస్ కంపెనీ డిజైనర్ డియర్ల్ కూర్చినవి. అందులో నన్ను కట్టిపడేసేది రెక్కలే.

మన కోనసీమ బండారులంక నేతగాళ్లకు పడుగు (మగ్గంపై నిలువుగా బిగించే పోగులు), పేక (వాటి మధ్య అడ్డంగా నేసే పోగు) గురించి చెప్పక్కర్లేదు. అయితే చీరలో పేక ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పోతుంది. టాపెస్ట్రీలో ఏ రంగు పేక ఆ రంగు హద్దులోనే వెనక్కి తిరుగుతుంది, పడుగును పూర్తిగా కప్పేస్తుంది.

చెక్క ఫ్రేముపై పడుగుగా గట్టి పురి ఉన్న నూలు అంగుళానికి 8 పోగులు చొప్పున బిగించండి. పేకకు సన్న ఉన్ని, మూడు నీలాలు చాలు. బొమ్మను పక్కకు తిప్పుకోండి, ఈక పొడవు పేక దిక్కున పడాలి. నిలువుగా నేస్తే రెండు రంగులు కలిసేచోట పొడవాటి చీలికలు పడతాయి. సెంటీమీటరు దాటిన ప్రతి చీలికనూ వెనకనుంచి కుట్టాలి.

రెక్కకు ప్రాణం నీడలో ఉంది. పోకా రాకా కలిపి ఒక వరస అనుకోండి. ముదురు నీలం మొదటి వరసలో 10 పడుగు పోగుల దాకా, తర్వాత 6, మళ్లీ 9, మళ్లీ 5. మిగిలిన మేర ఎదురుగా వచ్చే లేత నీలం నింపుతుంది. ఈ పళ్లు సమానంగా ఉంటే ఈక రంపంలా కనిపిస్తుంది, అందుకే కావాలనే హెచ్చుతగ్గులు. పేక పోగును విల్లులా వదులుగా వేసి దువ్వెనతో కొట్టండి. బిగించి లాగితే అంచులు లోపలికి ముడుచుకుంటాయి. రెండంగుళాలకోసారి వెడల్పు కొలవడం మంచిది.

కోనసీమ తేమలో ఉన్నిని గోడకు ఆనించొద్దు, బూజు పడుతుంది. వెనక చెక్కబద్ద పెట్టి 3 సెంటీమీటర్ల సందు ఉంచండి. అస్తరు గుడ్డను ముందే ఉతికి కుదించాలి. వానాకాలంలో నెలకోసారి దించి, వెనకవైపు మడతల్లో చిమ్మట పురుగు ఉందేమో చూసి, నీడలో దులపండి. ఎండలో వేస్తే మొక్కల పసుపురంగు ముందు పోతుంది, నీలంపై పసుపు అద్దిన ఆకుపచ్చ కాస్తా నీలమైపోతుంది.