కావలి బోర్డుతో మొదలైన పాఠం

మా ఊరు కలిగిరి దగ్గర. 1991లో నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లకు చదువు నేర్పే అక్షర దీపం ఉద్యమం నడిచినప్పుడు మా అమ్మ వాలంటీరు. పలకలు ఒళ్లో పెట్టుకుని మా అరుగు మీద కూర్చున్న అత్తలు, పిన్నమ్మలు నాకింకా గుర్తు. వాళ్ల వాచకంలో సారా గురించిన సీతమ్మ కథ ఉండేది. ఆ కథ మీద మాట్లాడుకుంటూనే దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించడానికి లేచారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఇప్పుడు అదే అరుగు మీద నా దగ్గర ఆరుగురు చదువుతున్నారు, అందరూ మా డ్వాక్రా గ్రూపువాళ్లే. పోయిన ఏడాది మొదలుపెట్టేటప్పుడు అన్నీ ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకున్నాను. ఉన్నాయి కూడా. కేంద్ర ప్రభుత్వం 2023లో ఉల్లాస్ యాప్ తెచ్చింది. 15 ఏళ్లు దాటి చదువు రానివాళ్లు, వాళ్లకు నేర్పే వాలంటీర్లు అందులో నమోదు కావచ్చు. చివర్లో చదవడం, రాయడం, లెక్కలకు కలిపి 150 మార్కుల పరీక్ష ఉంటుంది. స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్థాయిలవారీగా దొరుకుతాయి, డబ్బు కట్టకుండా ప్రింట్ తీసుకోవచ్చు. గూగుల్ రీడ్ అలాంగ్ యాప్‌లో మనం చదువుతుంటే దియా అనే బొమ్మ వింటుంది.

దియా పిల్లలకు బాగుంటుంది. కానీ మా పెద్దమ్మకు 58 ఏళ్లు. ఫోన్‌లో బొమ్మ చప్పట్లు కొడితే ఆమెకు సిగ్గేసింది. "నేనేమన్నా పాపనా అమ్మాయ్" అని ఫోన్ పక్కన పెట్టేసింది. తప్పు నాదే, ముందు ఆమెను అడగాల్సింది.

ఇంకో సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. మూడు వారాలు మ, య తేడా పట్టుకోలేకపోయింది పెద్దమ్మ. చదువు రాదేమో అని తనే దిగులు పడింది. చూస్తే ఆమెకు దగ్గరివి కనబడవు! చదువుకునే అద్దాలు కొన్నాక అదే వారంలో రెండూ చెప్పేసింది. పెద్దవాళ్లకు నేర్పేవాళ్లు మొదటిరోజే కళ్లు చూపించండి. ఫోన్‌లో అక్షరాల సైజు పూర్తిగా పెంచండి, తెలుగు వత్తులు చిన్న సైజులో అసలు కనబడవు.

తర్వాత అ ఆ ల నుంచి మొదలుపెట్టడం మానేశాను. 2000లో టీసీఎస్ వాళ్లు మన తెలుగులోనే కంప్యూటర్ పాఠాలు చేసినప్పుడు మాటను చూపించి, దాన్ని విడగొట్టి అక్షరాలు నేర్పారట. ఆ పద్ధతి మాకు సరిపోయింది. మా మొదటి మాట 'కావలి'. రోజూ ఎక్కే బస్సు బోర్డు అది. కా, వ, లి. వత్తు లేదు, మూడే అక్షరాలు. వ కు దీర్ఘమిస్తే 'కావాలి'. ఆ ఒక్క దీర్ఘం చూసి అందరూ ఎంత సంబరపడ్డారో! నెల్లూరు బోర్డుకు రావడానికి మాత్రం ఇంకో రెండు నెలలు పట్టింది, ల్లూ అంత సులువు కాదు.

ఇప్పుడు స్టోరీవీవర్ కథల్లో వంట, పొలం, సంత ఉన్నవి ఏరి, పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయిస్తున్నాను. ఆ పాఠాన్నే నిదానంగా చదివి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతాను. కాగితం మీద వేలు పెట్టి, చెవితో వింటూ ఇంట్లో వాళ్లే చదువుకుంటారు. నాకు తెలిసి ఏ యాప్ కన్నా ఇదే ఎక్కువ పని చేసింది. బ్యాంకు పాస్‌బుక్‌లో జమ, నిల్వ కూడా ఇలాగే నేర్చుకున్నారు.

పోయిన ఆదివారం పెద్దమ్మ కువైట్‌లో ఉన్న కూతురికి మొదటిసారి మెసేజ్ కొట్టింది. 'తినావా'. వత్తు పోయిందని నేను చెప్పలేదు. నిమిషంలో కూతురు ఫోన్ చేసింది, ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మర్నాడు పలక మీద న వత్తు మొదలుపెట్టాం.