ఎడంవైపు

ముప్పై ఏళ్ళుగా గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాని. తేజా రకం మిర్చి టిక్కీలోంచి, అంటే బస్తాలోంచి, ఓ కాయ తీసి విరిస్తే చాలు, ఘాటెంతో చెప్పేస్తా. మంట గురించి నాకు తెలియనిది లేదనుకున్నా, పోయిన ఏడు ఏప్రిల్ దాకా.

వీపు నుంచి రొమ్ము దాకా, ఎడంవైపు మాత్రమే, పట్టీ కట్టినట్టు పొక్కులు. సర్పి అన్నారు. మా అత్తగారు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి మొక్కేశారు. పక్కింటాయన మాట విని జేగురు పూసుకుంటూ ఐదు రోజులు కూర్చున్నా. అది నా తప్పే. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలెట్టాలట. మీకొస్తే ముందు ఆస్పత్రికి పొండి.

నెల తిరిగేసరికి చెక్కులు రాలిపోయాయి. మంట మాత్రం పోలేదు. డాక్టరు ఫోను చూసుకుంటూనే, "పుండు మానింది కదండీ, ఇంకా నొప్పెక్కడిది? ఏదన్నా పనిలో పడండి, మనసే మర్చిపోతుంది" అన్నాడు. పక్కనున్న మా బావమరిది అది పట్టుకుని, "బావకేం లేదంట" అని ఇల్లంతా చాటాడు. ఆ మాట అన్నందుకు ఫీజు కూడా కట్టా.

మే నెలలో ఓ రాత్రి. బనీను రాసుకుంటే నిప్పుకణిక ఈడ్చినట్టుంది. విప్పేశా. ఫ్యాను గాలి తగిలినా అంతే. ఆపేసి, చెమటలు కక్కుకుంటూ మెట్ల మీద కూర్చున్నా. అరచేత్తో గట్టిగా అదిమితే ఓర్చుకోగలను, పైట కొంగు తగిలితే ప్రాణం పోతోంది. ఇదేం నొప్పి? నిజంగానే మతి పోతోందేమోనని వణుకు పుట్టింది. మూడింటప్పుడు మా ఆవిడ వచ్చి వీపు మీద చెయ్యేసింది. విదిలించి కొట్టా. గాజు పగిలింది. ఏమీ అనలేదు. ఫోను లైటు వేసి ముక్కలన్నీ ఏరుకుని లోపలికెళ్ళింది.

మెడికల్ కాలేజీలో చదివే మా మేనకోడలు ఆ వారం వచ్చింది. "మావయ్యా, నీకు పిచ్చేం లేదు" అంది ముందుగానే. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ వెన్నుపాము పక్కన నరాల ముడిలో దాక్కుని, ఇన్నేళ్ళకి లేచి ఆ నరం పొడుగునా పాకిందట. అందుకే ఆ పట్టీ. దెబ్బతిన్న నరం ఆపకుండా గోల పెడితే వెన్నుపాము బెదిరిపోయి, ఉత్త తాకిడిని కూడా నొప్పి కిందే లెక్కేస్తుందట. గాయమయ్యాక వెన్నుపాములోనే ఆ మార్పు వస్తుందని క్లిఫర్డ్ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద 1983లోనే చూపించాడు. అప్పటికి మా డాక్టరు బళ్ళో ఉండుంటాడు.

నాకు బాగా పట్టింది మాత్రం డేవిడ్ జూలియస్ సంగతి. మిరపకాయ కారంలో ఉండే క్యాప్సైసిన్ నరం కొసన ఏ తలుపు తీస్తుందో అమెరికాలో ఆయన బృందం 1997లో కనిపెట్టింది. సుమారు 43 డిగ్రీల వేడి దాటినా తెరుచుకునేది ఆ తలుపేనట. 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. మనం కారం తిన్నా నోరు మండిందంటాం, నిప్పు తగిలినా చెయ్యి మండిందంటాం. యార్డులో ఇన్నేళ్ళూ ఆ మాట అంటూనే ఉన్నా, ఒక్కనాడూ ఆలోచించలేదు.

మేనకోడలు ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ దూదిపింజతో తాకింది, నేను కేక పెట్టా. "సరే, అర్థమైంది" అంది. అంతే, ఏడుపొచ్చేసింది. రాత్రికో మాత్ర, క్యాప్సైసిన్ మలాము రాసింది. రోజూ రాస్తుంటే మొదట మండినా, పోనుపోను ఆ నరాల కొసలు మొద్దుబారతాయి. కారం నూనెలో కలిపి రాద్దామన్నాడు బావమరిది. ఆ పని చెయ్యకండి. మలాము రాసిన చేత్తో కళ్ళు నలుపుకోవద్దని యార్డువాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెబుతున్నా. యాభై దాటినవాళ్ళకి టీకా కూడా ఉంది, అడగండి.

దసరాకి ముప్పాతిక నయం. మలాము వల్లో స్వామి వల్లో, నేను పంచాయితీ పెట్టలేదు. మోపిదేవి వెళ్ళి పుట్టలో పాలు పోసొచ్చాం. తిరుగు బస్సులో మా ఆవిడ అలవాటుగా నా కుడివైపుకి జరిగింది. ఆ రాత్రి నుంచీ అటే కూర్చుంటోందని అప్పుడు గమనించా.

"ఇటు కూర్చో" అన్నా.

"తగిలితే?" అంది.

"తగలనీ."