ఇరవై నాలుగో నిమిషంలో మొరాయించే పెల్లెట్ పొయ్యి

మళ్ళీ అదే నిమిషం. అంతవరకు బుద్ధిగా మండిన పొయ్యి ఒక్కసారిగా మంటను పైకి ఎగదోసి ఆర్పేసుకుంది. ఆ వెంటనే గిన్నె చుట్టూ తెల్లటి పొగ. గిన్నెలో కందిపప్పు సగం ఉడికి ఉంది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "పొగ రాని పొయ్యి అన్నావు కదరా" అని, గిన్నె తీసుకుపోయి గ్యాసు మీద పెట్టింది. నేను స్టాప్‌వాచ్ చూసుకున్నాను: 24 నిమిషాల 10 సెకన్లు.

ఈ పొయ్యి ఒంగోలు కర్నూలు రోడ్డులోని ఒక పాతసామాన్ల కొట్లో దొరికింది. కొట్టాయన దీన్ని బొగ్గుల పొయ్యి అని కిలోల లెక్కన తూచి ఇచ్చాడు. పేరు పలక లేదు, స్టిక్కర్ ఎప్పుడో మాడిపోయింది. అయితే బొగ్గుల పొయ్యికి పై అంచు కింద చుట్టూ రంధ్రాల వరస ఉండదు, అడుగున ఫ్యాను ఉండదు, రెండు వేగాల మీట అసలే ఉండదు. లోపల పింగాణీ లాంటి మట్టి కుండ, దాని అడుగున పోత ఇనుప జల్లెడ. కుండ లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లు, లోతు 130. ఈ కొలతలు చూశాక అనుమానం తీరింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ రూపకల్పన చేయగా, 2006 ప్రాంతంలో బ్రిటిష్ పెట్రోలియం మన దేశంలో అమ్మిన ఊర్జా పొయ్యి ఇది, లేదా దాని అచ్చుతో పోసిన మరొకటి. పెల్లెట్ల (పొట్టు, ఊక లాంటివి అదిమి చేసే ఇంధనపు గుళికల) ధర పెరిగాక ఇళ్లలో వీటి వాడకం పడిపోయింది కానీ, పొయ్యి ఆలోచన మాత్రం చాలా గొప్పది. కట్టెలు పెట్టుకుని తీగల గొడవ లేకుండా వండుకోవాలనే వాళ్లు ఫ్యాను లేని గ్రీన్‌వే లాంటివి కొనుక్కోవడమే మేలు. ఇది నాలాంటి వాళ్ల కోసం.

బిగింపు సాఫీగా జరిగింది: వెనక వసారాలో గోడకు 45 సెంటీమీటర్ల దూరంలో చీమకుర్తి గ్రానైట్ ముక్క, దాని మీద ఫైర్‌బ్రిక్స్, వాటి మీద పొయ్యి. రాయికి నేరుగా వేడి తగిలితే పెచ్చులు లేస్తుంది, ఇటుకలు అందుకే. చచ్చిపోయిన బ్యాటరీ స్థానంలో ఎమర్జెన్సీ లైటులోని 6 వోల్టుల బ్యాటరీ పెట్టాను. 10 లీటర్ల నీళ్లు స్నానానికి కాగడానికి ఏ ఇబ్బందీ లేదు, ఆ పని 24 నిమిషాల లోపే అయిపోతుంది కాబట్టి.

ఇక అసలు సంగతి. ప్రతిసారీ 520 గ్రాముల పెల్లెట్లు, అంటే కుండలో సుమారు 10.5 సెంటీమీటర్ల ఎత్తు. పైన అంటించాలి, మంట పొర మెల్లగా కిందికి దిగాలి, అడుగుకు చేరేదాకా పైన గ్యాసు మండుతూనే ఉండాలి. జల్లెడ గుండా వచ్చే గాలి పెల్లెట్లను గ్యాసుగా మారుస్తుంది, పై రంధ్రాల గాలి ఆ గ్యాసును మండిస్తుంది. నిమిషానికి పన్నెండున్నర గ్రాముల చొప్పున ఖర్చయితే ముప్పావు గంటకు కాస్త తక్కువ రావాలి. సగం దారిలోనే ఎందుకు ఆగుతోంది?

ముందు ఫ్యానును అనుమానించాను. తిరుగుతున్నప్పుడు బ్యాటరీ 6.1 వోల్టులు, మంట ఆరే సమయానికి 6.05. ఫ్యాను నిర్దోషి. తర్వాత తేమ. 500 గ్రాముల పెల్లెట్లు మేడ మీద రోజంతా ఎండబెడితే 464కు దిగాయి. బస్తా మూతి సరిగా కట్టకపోతే మన సముద్రపు గాలికి ఇంతే. ఎండినవి వేస్తే 27వ నిమిషం దాకా లాగింది. లాభం మూడు నిమిషాలు, జబ్బు అదే.

అప్పుడు ఆరిన పొయ్యిలో ఏముందో చూడాలనిపించింది. మంట పోయిన క్షణానే ఫ్యాను ఆపి, గాలి దారులు మూసి, చల్లారాక అంతా ఇనుప మూకుడులోకి వంచాను. మీట వైపు మండని పెల్లెట్లు 5 సెంటీమీటర్లకు పైగా ఎత్తున, కొన్నవి కొన్నట్టే ఉన్నాయి. ఎదుటి వైపు అడుగుదాకా నల్ల బొగ్గే. తూస్తే మండనివి 130 గ్రాములు, బొగ్గూ బూడిదా కలిపి 90. మంట పొర సమంగా దిగడం లేదు, ఒక పక్కనే జారిపోతోంది. ఆ పక్క గ్యాసు అయిపోగానే పై మంటకు మేత చాలక ఆరిపోతోంది, మిగిలిన సగం పొగ కక్కుతోంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరూ అదే చెప్పింది: 15వ నిమిషంలో పొయ్యి బయటి రేకు ఒక వైపు 68 డిగ్రీలు, ఇంకో వైపు 112. గాలి వల్లనేమోనని పొయ్యిని సగం తిప్పి పెట్టి చూశాను. మండని గుట్ట మళ్ళీ మీట వైపే. కాబట్టి లోపం పొయ్యిలోనే ఉంది.

ఖాళీ జల్లెడ మీద పలుచగా ఊక చల్లి ఫ్యాను వేశాను. మీటకు ఎదుటి అంచున ఊక పేలాల్లా ఎగిరిపడింది, మిగతా చోట్ల కదిలీ కదలనట్టు ఉంది. టార్చి వేసి చూస్తే అక్కడ మట్టి కుండ అంచు పెచ్చు ఊడి, జల్లెడకూ కుండకూ నడుమ సందు ఉంది. 4 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ సునాయాసంగా దూరింది. సందు పొడవు 6 సెంటీమీటర్లు. అంటే 240 చదరపు మిల్లీమీటర్లు. జల్లెడకు 4 మిల్లీమీటర్ల రంధ్రాలు 37 ఉన్నాయి, అన్నీ కలిపినా 465. జల్లెడ మొత్తం పంపే గాలిలో సగానికి సరిపడే దారి ఆ ఒక్క పక్కనే తెరుచుకుని ఉందన్నమాట. పైగా ఉన్నది ఒకటే ఫ్యాను, కింద ఎక్కువ పోతే పై రంధ్రాలకు తగ్గుతుంది. పైన 6.5 మిల్లీమీటర్లవి 18, మొత్తం 597. సందు లేకపోతే పై దారి పెద్దది, సందు ఉంటే కింది దారి 705 అయి తిరగబడుతుంది. పెల్లెట్ల గుట్ట అడ్డం ఉంటుంది కనుక విస్తీర్ణాన్ని బట్టే గాలి లెక్క తేలదు, అయినా ఇంత తేడా చాలు కొంప ముంచడానికి.

ఫైర్‌క్లేలో వాటర్ గ్లాస్ (సోడియం సిలికేట్ జిగురు) కలిపి పూసిన మొదటి అతుకు తొలి మంటకే బీటలు వారి రాలిపోయింది. డబ్బాల్లో వచ్చే ఫర్నేస్ సిమెంటు బాగుంటుందంటారు, కానీ ఇంత చిన్న సందుకు ఆ ధర పెట్టబుద్ధి కాలేదు. టంగుటూరులో పొగాకు బ్యారన్లు (ఆకును వేడితో ఆరబెట్టే గదులు) కట్టే మేస్త్రి ఒకాయన్ని అడిగితే, "ఉత్త మట్టి కుంచించుకుపోతుంది బాబూ, పాత ఫైర్ ఇటుక దంచి సగానికి సగం కలుపు. నీడన ఆరనివ్వు, తొందరపడి నిప్పు చూపించకు" అన్నాడు. అలాగే చేశాను. గోరుతో గీకినా రాలడం లేదు.

ఇప్పుడు మంట 33 నిమిషాలు నిలుస్తోంది. రెండు వైపులా రేకు వేడి 96, 84. మండకుండా మిగిలేది 35 గ్రాములే. సంబరపడదామంటే ఆ 35 గ్రాములూ కొత్త చిక్కు తెచ్చాయి. పొయ్యిని ఎటు తిప్పి పెట్టినా అవి తూర్పు వైపే మిగులుతున్నాయి. అంటే ఈసారి దోషం పొయ్యిది కాదు. వసారా నేల వాలుగా ఉందేమోనని లెవెల్ పెట్టి చూశాను: 60 సెంటీమీటర్లకు 6 మిల్లీమీటర్లు, లెక్కలోకి రాదు. ఇక మిగిలింది సాయంత్రం తూర్పున సముద్రపు ఒడ్డునున్న కొత్తపట్నం వైపు నుంచి కొట్టే గాలి. నేను వెలిగించేదీ ఆ వేళకే. పొయ్యి తూర్పు చెంపను అది చల్లబరుస్తోందో, పై రంధ్రాల దగ్గర మంటను పక్కకు నెడుతోందో తేలాలి. తెల్లవారుజామున గాలి పడిపోయి ఉన్నప్పుడు ఒకసారి, సాయంత్రం రేకు తడక అడ్డం పెట్టి ఒకసారి వెలిగిస్తే సరిపోతుంది.

పెల్లెట్ల మీద కూడా నాకు గురి కుదరలేదు. వేరుశనగ పొట్టువని చెప్పి అమ్మారు, కిలో 14 రూపాయలు. 520 గ్రాములు పూర్తిగా కాలిస్తే 62 గ్రాముల బూడిద మిగిలింది, అంటే 12 శాతం. ఒక్క వేరుశనగ పొట్టుకు అంత బూడిద రాదు, ఊక కలిపి ఉంటారు. ఊకలో బూడిదే అయిదో వంతు దాకా ఉంటుంది, అందులో అధిక భాగం సిలికా. పొట్టులోని పొటాషియం తోడైతే అది తక్కువ వేడికే కరిగి జల్లెడ మీద గాజులా గడ్డకడుతుంది. మొన్న స్క్రూడ్రైవరుతో లేపిన పెళ్ళ 8 మిల్లీమీటర్ల మందం, తొమ్మిది రంధ్రాలను పూడ్చేసింది. మన వైపు సరుగుడు, సుబాబుల్, జామాయిల్ ఇంత పండుతుంటే ఊక పెల్లెట్లు కొనాల్సిన ఖర్మ ఏమిటో! కావలి వైపు సరుగుడు రంపపు పొట్టుతో చేసేవాళ్లు ఉన్నారని విన్నాను. రెండు బస్తాలు తెప్పిస్తాను కానీ, గాలి సంగతి తేలేదాకా విప్పను. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఒక హెచ్చరిక. మంట ఆరి తెల్లపొగ వస్తున్నప్పుడు పైనుంచి వంగి అగ్గిపుల్ల వేయకండి. అది మండని గ్యాసు, గుప్పున అంటుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ కూడా అందులోనే ఉంటుంది, కాబట్టి ఈ పొయ్యిని తలుపులు మూసిన వంటగదిలో పెట్టవద్దు.

ఇది కుదిరితే తర్వాతి కన్ను కొండపిలోని మామయ్య బ్యారన్ మీద ఉంది. ఆకు పసుపు రంగుకు తిరిగే దశలో వేడిని మెల్లగా పెంచాలి, చివర ఈనె ఆరేందుకు 71 డిగ్రీల దాకా తీసుకెళ్లి నిలబెట్టాలి. రాత్రంతా మేలుకుని కట్టెలు ఎగదోసే పని అది. పెల్లెట్లు తొట్టిలోంచి వాటంతటవే జారే బర్నరు పెడితే వేడి నిలకడగా ఉంటుందని నా ఆశ. సీజను అయిపోయి బ్యారను ఖాళీగా ఉంది కాబట్టి ఆకు లేకుండానే వెలిగించి చూడవచ్చు. "గొట్టాలు కాలి చిల్లు పడితే కొత్తవి నువ్వే కొనాలి అల్లుడూ" అన్న షరతు మీద మామయ్య ఒప్పుకున్నాడు. ఆదివారం వెళ్లి కొలిమి నోటి కొలతలు తీసుకొస్తాను.