సింగపూర్‌లో రాతిగుట్టల బాట: మూడు వారాంతాల లెక్క

నల్లగొండ, పాలమూరు నుంచి సింగపూర్‌లో దిగిన కొత్తవాళ్లు మెరీనా బే, సెంతోసా మొదటి నెలలోనే చూసేస్తారు. ఆ తర్వాత శనివారం వచ్చిందంటే ఎటు పోవాలో తోచదు. వాళ్ల కోసమే ఈ బాట.

భువనగిరి బండ, దేవరకొండ ఖిల్లా చూసి పెరిగిన కళ్లకు ఇక్కడ బండ అన్నదే కనబడదు. కానీ ఈ దేశం నడుమ ఉన్న గుట్టల కింద ఉన్నదీ గ్రానైటే. మన రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు, ఇక్కడిది సుమారు అందులో పదోవంతు. మన దిక్కు వానలు తక్కువ కాబట్టి రాయి బోడిగా బయట నిలబడింది. ఇక్కడ ఏడాదంతా వాన, ఉక్క. రాయి పైనుంచి మెత్తబడి మీటర్ల లోతున మట్టి అయిపోయింది, దాని మీద అడవి లేచింది. క్వారీ తవ్విన చోటే రాయి ముఖం కనబడుతుంది. అందుకే మూడు వారాలూ పాత క్వారీల చుట్టే.

మొదటి వారం: బుకిట్ తిమా. ఎత్తు 163.63 మీటర్లు, దేశంలో ఇంతకు మించిన సహజమైన గుట్ట లేదు. డౌన్‌టౌన్ లైన్‌లో బ్యూటీ వరల్డ్ స్టేషన్ దగ్గర దిగి హిండ్‌హీడ్ డ్రైవ్ దాకా నడవాలి, పావుగంట పైన పడుతుంది. అక్కడి నుంచి కొస దాకా రోడ్డే ఉంది. ఎక్కడానికి అరగంట, ముప్పావుగంట. కొత్తవాళ్లు మొదటి నిటారు ఎక్కుడు దగ్గరే ఊపు మీద పోయి ఆయాసపడతారు. ఎండ లేదు కదా, చెట్ల నీడే కదా అనుకుంటారు. నీడ ఉన్నా గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మన ఎండాకాలపు లెక్క ఇక్కడ పనికిరాదు. మనిషికి లీటరు నీళ్లు, మారు అంగీ తప్పనిసరి.

కోతుల సంగతి: యాదగిరిగుట్ట అలవాటుతో అరటిపండు ఇవ్వబోకండి. అడవి జంతువులకు తిండి పెడితే మొదటిసారికే 5,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. చేతిలో ప్లాస్టిక్ కవరు ఊగుతుంటే అందులో తిండి ఉందనుకుని లాక్కుంటాయి. అంతా వీపు సంచిలో పెట్టి జిప్పు వేయండి. దిగేటప్పుడు పక్కనే హిండ్‌హీడ్ క్వారీ చూడాలి, నీళ్లు నిండిన గుంత వెనక నిలువు రాతిగోడ.

రెండో వారం: లిటిల్ గుయిలిన్, నీళ్లు నిండిన పాత క్వారీ. బుకిట్ గోంబాక్ స్టేషన్ నుంచి పది నిమిషాల నడక, పిల్లలతో సాయంత్రం పూట సరిపోతుంది. ఇక్కడి రాయి గ్రానైట్ కాదు, నోరైట్ అనే ముదురు రంగు రాయి. గంట చాలు.

మూడో వారం: ఉబిన్ దీవి. దీనికి మాత్రం పూర్తి రోజు పెట్టుకోవాలి. ఉబిన్ అన్న పేరే నేలకు పరిచే రాతి పలక అన్న మాట నుంచి వచ్చింది. సింగపూర్‌ను మలేసియాతో కలుపుతూ 1924లో లాంఛనంగా తెరిచిన జొహోర్ కాజ్‌వే కట్టకు రాయి ఇక్కడి నుంచి కూడా పోయింది. చివరి క్వారీ 1999లో మూతపడింది.

తానా మెరా స్టేషన్ నుంచి 2వ నంబరు బస్సు చాంగీ విలేజ్ దాకా పోతుంది. పడవ రేవు బస్టాండుకు దగ్గరే. పడవకు టైం టేబుల్ ఉండదు. 12 మంది నిండితే కదులుతుంది, మనిషికి 4 డాలర్లు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: ఊళ్లో అంతటా కార్డు నడుస్తుంది కదా అని ఉత్త చేతులతో వస్తారు. నగదు, అదీ చిన్న నోట్లు, ఉంచుకోండి. తొందరైతే ఉన్న జనమే 48 డాలర్లూ పంచుకుని కదలొచ్చు. తొమ్మిది లోపు రేవు చేరితే వరుస తక్కువ.

దిగగానే సైకిల్ కిరాయి దుకాణాలు. రంగు చూసి తీసుకోకండి. రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చూడండి, గేర్లన్నీ ఒకసారి మార్చండి, సీటు మీద కూచుంటే మునివేళ్లు నేలకు ఆనాలి. దీవి తూర్పు కొసన ఉన్న చెక్ జావా తీరం వైపు కంకర దిగుడు దారులు ఉన్నాయి, ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే చక్రం జారి మనిషి పడతాడు. మొదట వెనక బ్రేకు నొక్కాలి, తర్వాత రెండూ.

చెక్ జావా రేవు నుంచి మూడు కిలోమీటర్ల పైన. సైకిల్ బయటే ఆపి కిలోమీటరు పొడవున్న నడక వంతెన మీద నడవాలి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే బురద నేల, పీతలు కనబడతాయి. అందుకే బయలుదేరే ముందు పోటుపాట్ల పట్టిక చూసి నీటిమట్టం 0.5 మీటరు లేదా తక్కువ ఉండే పగటి పూట ఎంచుకోండి. ఇది చూడకుండా పోయిన వాళ్లకు ఉత్త నీళ్లే దొరుకుతాయి. ఉరుము వినబడితే వంతెన మీద నిలబడకుండా వెంటనే చూరు కిందికి రావాలి.

తిండికి జొన్నరొట్టె, పల్లీల పొడి బాగా నిలుస్తాయి. సర్వప్పైతే ఇంకా మేలు, చల్లారినా రుచి పోదు. రైల్లో మాత్రం డబ్బా తెరవొద్దు, తింటే 500 డాలర్ల దాకా జరిమానా.

తర్వాతి వారానికి మిగిలింది ఉబిన్‌లోనే ఉన్న కేటామ్ క్వారీ చుట్టూ ఉన్న మట్టి సైకిల్ బాట. వాన పడ్డ మర్నాడు అక్కడ ఎర్రమట్టి చక్రాలకు పట్టేస్తుంది, కనీసం రెండు పొడి రోజులు గడిచాకే పోవాలి. తిరుగు పడవకు చీకటి పడేదాకా ఆగకండి, ఐదున్నరకల్లా రేవులో ఉంటే 12 మంది తొందరగా నిండుతారు.