యూనివర్సిటీ గవర్నమెంటుదే, సీటు మాత్రం సెల్ఫ్ ఫైనాన్స్

శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ప్రపంచ వాణిజ్య సంస్థ పాఠం వస్తే మా పిల్లలు వ్యవసాయ సబ్సిడీలు, పేటెంట్లు బాగానే చదువుతారు. గ్యాట్స్, అంటే సేవల వాణిజ్య ఒప్పందం, మాత్రం రెండు మార్కుల ప్రశ్న. పరీక్ష అయ్యాక మర్చిపోతారు.

పోయినేడు మా దగ్గర డిగ్రీ పూర్తి చేసిన ఒకమ్మాయికి పీజీ సీటొచ్చింది. వాళ్ల నాన్న ఉద్దానంలో జీడితోట కౌలుకి చేస్తారు. అలాట్‌మెంట్ కాగితం పట్టుకుని ఇద్దరూ కాలేజీకి వచ్చారు. "గవర్నమెంటు యూనివర్సిటీయే కదా మేస్టారూ, మరి ఇంత ఫీజేటండి?" అన్నారాయన. కాగితంలో కోర్సు పేరు పక్కన చిన్న అక్షరాల్లో 'సెల్ఫ్ ఫైనాన్స్' అని ఉంది, అంటే కోర్సు ఖర్చు పిల్లల ఫీజుల నుంచే. అదే బిల్డింగు, అదే క్లాసు, అదే డిగ్రీ. రెగ్యులర్ సీటొచ్చిన పిల్ల పక్కనే కూర్చుని అంతకు కొన్ని రెట్లు ఎక్కువ కట్టాలి. ఆమె సీటు వదులుకోలేదు. వాళ్లమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసి మొదటి విడత కట్టింది.

ఈ చిన్న అక్షరాలకీ జెనీవాలో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థకీ సంబంధం ఉంది. 1995 జనవరి 1న అమల్లోకి వచ్చిన గ్యాట్స్ చదువుని కూడా సేవల జాబితాలో చేర్చింది. ప్రభుత్వం అందించే సేవలకి మొదటి అధికరణంలో మినహాయింపు ఉంది గానీ దానికి రెండు షరతులు పెట్టారు. ఆ సేవ వ్యాపార ప్రాతిపదికన నడవకూడదు, వేరే సంస్థలతో పోటీలోనూ ఉండకూడదు. ప్రభుత్వ యూనివర్సిటీయే సీటుకి ధర కట్టి, ప్రైవేటు కాలేజీలు నడిపే కోర్సులే నడిపితే ఇక ఆ మినహాయింపు తనకుందని గట్టిగా ఎలా చెప్పగలదు?

గ్యాట్స్ కింద ఏయే సేవలు తెరుస్తామో చెబుతూ మన దేశం 2005లో ఇచ్చిన సవరించిన ప్రతిపాదనలో ఉన్నత విద్యని కూడా పెట్టింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో దోహా పేరుతో జరిగిన చర్చలు ముందుకు సాగలేదు కాబట్టి అది కట్టుబాటుగా మారలేదు. మారితే వెనక్కి తీసుకోవడం తేలిక కాదు. మూడేళ్లు ఆగాలి, నష్టపోయామన్న దేశాలకి పరిహారంగా వేరే రంగంలో ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. 2015 డిసెంబరులో ఆ సంస్థ నైరోబీ సమావేశం ముందు దేశమంతా విద్యార్థులు భయపడింది అందుకే. అంతకు రెండు నెలల ముందే నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష పాసవ్వని పరిశోధకులకి ఇచ్చే ఫెలోషిప్ ఆపేస్తామని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిర్ణయించింది. ఎంఫిల్‌కి నెలకి 5,000, పీహెచ్‌డీకి 8,000. ఇది ఆ దారిలో తొలిమెట్టేనని పిల్లలు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందే మకాం పెట్టారు. ఫెలోషిప్ నిలబడింది.

ఒప్పందం కుదరకపోయినా దారి మాత్రం అటే పడుతోంది. 2023 నవంబరు నిబంధనలతో విదేశీ యూనివర్సిటీలు ఇక్కడ క్యాంపస్ పెట్టుకోవచ్చు. ఫీజు, అడ్మిషన్ పద్ధతి వాళ్ల ఇష్టం. రిజర్వేషన్ పాటించాలన్న నియమం లేదు. బ్రిటన్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీ గురుగ్రామ్‌కి వచ్చింది. మా జిల్లాలో యూనివర్సిటీ ఉన్న ఎచ్చెర్లకి ఎవరూ రారు, నాకా భయం లేదు. నా భయమల్లా మన యూనివర్సిటీలు కూడా వాళ్లలాగే లెక్కలు వేసుకోవడం గురించే. రిటైరైన ప్రొఫెసరు పోస్టు ఖాళీగా ఉంచి పీరియడ్‌కింతని గెస్టు ఫ్యాకల్టీతో నడపడం, పిల్లలు తక్కువున్నారని తెలుగు, చరిత్ర, ఫిలాసఫీ మూసేయడం ఆ లెక్కల్లోవే.

మా స్టాఫ్ రూములో ఒక మిత్రుడు గట్టిగా వాదిస్తాడు: 1991 ఆర్థిక సంస్కరణలు లేకపోతే మన సిక్కోలు కుర్రాళ్లు హైదరాబాదులో, బెంగుళూరులో ఉద్యోగాలు చేసేవాళ్లా అని. నిజమే, కాదనను. కానీ ఆ మొదటి తరంలో నాకు తెలిసిన చాలామంది నామమాత్రపు ఫీజుతో సర్కారు కాలేజీల్లో చదివి, అక్కణ్ణించే ఆ ఉద్యోగాలకి వెళ్లారు. విజయనగరం మహారాజా కాలేజీ సంస్థానం దన్నుతో నిలిచింది, గురజాడ అక్కడే చదువుకుని అక్కడే పాఠం చెప్పారు. ఎచ్చెర్లలో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరు 2008లో అంబేద్కర్ యూనివర్సిటీ అయింది. విశాఖలో రూము అద్దె కట్టలేని ఇళ్లకి అలాంటివే ఆధారం.

మా ఫైనలియర్ పిల్లలూ నేనూ కలిసి ఒక అర్జీ రాశాం. రాష్ట్ర యూనివర్సిటీల్లో సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లన్నీ రెగ్యులర్ చేయాలి. ఖాళీ పోస్టులు భర్తీ చేయాలి. ఏ వాణిజ్య చర్చలోనూ ఉన్నత విద్యని బేరం పెట్టబోమని కేంద్రం రాతపూర్వకంగా చెప్పేలా రాష్ట్రం అడగాలి. సోమవారం కలెక్టరేటు గ్రీవెన్సులో ఇస్తాం. ఎంపీ గారికి ఒక కాపీ. సంతకం చేస్తామన్నవాళ్లు పది గంటలకి గేటు దగ్గరికి రండి.