ఆర్కెస్ట్రా లైబ్రరీ అప్‌గ్రేడ్ చేయాలా వద్దా: నేను తేల్చుకున్న తీరు

శాంపిల్ లైబ్రరీ అంటే నిజమైన వాయిద్యాల స్వరాల్ని రికార్డ్ చేసి (ఆ ముక్కలే శాంపిల్స్), కంప్యూటర్‌లో కీబోర్డ్‌తో వాయించుకునేలా ఇచ్చే సాఫ్ట్‌వేర్. స్పిట్‌ఫైర్ ఆడియో అనే కంపెనీ వాళ్ల బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా లైబ్రరీ మూడు ఎడిషన్లలో దొరుకుతుంది: డిస్కవర్, కోర్, ప్రొఫెషనల్. డిస్కవర్ సుమారు 200 ఎంబీ. కోర్ 30 జీబీ లోపే. ప్రొఫెషనల్ దగ్గరికొచ్చేసరికి దాదాపు 600 జీబీ. మూడింటిలోనూ వాయించింది అదే ఆర్కెస్ట్రా, అదే హాలు. నేను వాడేది కోర్. ప్రొఫెషనల్‌కి మారాలా వద్దా అన్న ప్రశ్న చాలాకాలం నన్ను వదల్లేదు. దాన్ని ఎలా తేల్చుకున్నానో రాస్తే, ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లకి పనికొస్తుందనిపించింది.

హైదరాబాద్‌లో వెబ్ సిరీస్‌లకీ షార్ట్ ఫిల్ములకీ రీరికార్డింగ్ చేస్తాను. మధ్యలో భక్తిపాటలు, క్రిస్టియన్ ఆల్బమ్‌లకి ట్రాకులు. వీటిలో దేనికీ లైవ్ స్ట్రింగ్స్ సెక్షన్‌ని పిలిచే బడ్జెట్ ఉండదు. ఒక సిరీస్ ఫైనల్ మిక్స్‌లో కూర్చున్నప్పుడు మిక్సింగ్ ఇంజనీర్ అన్నారు: “మాస్టారూ, ఇక్కడ డైలాగ్ చాలా మెల్లగా ఉంది. మీ స్ట్రింగ్స్ హాలు అవతల నుంచి వినిపిస్తున్నాయి. క్లోజ్ మైక్ స్టెమ్ విడిగా ఉంటే ఇవ్వండి, దగ్గరికి తెస్తాను.” స్టెమ్ అంటే మిక్స్‌లో ఒక భాగాన్ని విడిగా ఇచ్చే ఫైలు. కోర్‌లో ఉండేది ముందే కలిపి పెట్టిన మిక్స్. దగ్గరి మైకు విడిగా కావాలంటే ప్రొఫెషనల్ ఉండాలి. ఆ రోజుకి ఈక్యూతో, అంటే మంద్ర, తార ధ్వనుల పాళ్లు మార్చి, సర్ది పంపించాం. కానీ ప్రశ్న మాత్రం నాతో ఇంటికొచ్చింది.

ఈ రెండు ఎడిషన్ల మధ్య అసలు తేడా ఎక్కడుందో ముందు చెప్పాలి. ప్రొఫెషనల్‌లో మొత్తం 20 సిగ్నల్స్, అంటే విడివిడిగా ఎంచుకోగల మైకు ధ్వనులు ఉంటాయి. వాయిద్యం దగ్గర పెట్టిన క్లోజ్ మైకులు, కండక్టర్ తల పైన ఉండే ట్రీ అనే మైకుల గుత్తి, దానికి అటూ ఇటూ ఔట్‌రిగర్లు అనే మైకులు, దూరాన ఆంబియెంట్, బాల్కనీలో ఇంకో జత, అట్మాస్ (చుట్టూ, పైనుంచీ ధ్వని వినిపించే పద్ధతి) మిక్స్ కోసం ప్రత్యేకంగా కొన్ని. స్పిల్ మైకులు కూడా ఉన్నాయి. వయొలిన్ వాయిస్తుంటే ఆ ధ్వని ట్రంపెట్ల ముందున్న మైకులోకి ఎంత పడుతుందో దాన్ని కూడా వదలకుండా రికార్డ్ చేశారు. వీటితో పాటు ప్రతి స్ట్రింగ్ సెక్షన్‌కీ లీడర్, అంటే మొదటి కుర్చీలో కూర్చునే ఒక్కరు వాయించిన సోలో శాంపిల్స్ వస్తాయి. నన్ను ఎక్కువగా ఊరించినవి అవే.

రికార్డ్ చేసిన చోటు లండన్‌లోని మైడా వేల్ స్టూడియోస్. 1909లో స్కేటింగ్ రింక్‌గా కట్టిన భవనం అది. 1930ల నుంచి దశాబ్దాల పాటు బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాకి అదే ఇల్లుగా ఉండింది. లైబ్రరీ 2019లో వచ్చింది, వాయించినవాళ్లు 99 మంది. 2023లో ఆ భవనాన్నే బీబీసీ అమ్మేసింది. కొన్నవాళ్లలో సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ కూడా ఉన్నారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇలాంటి లైబ్రరీలో మనం కొనేది సగం వాయిద్యాలనైతే మిగతా సగం ఆ గదిని. ప్రొఫెషనల్‌కి కట్టే అదనపు డబ్బులో ఎక్కువ భాగం ఆ గదిలో మన చెవిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎంచుకునే వీలు కోసమే.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. కోర్ ఉన్నవాళ్లు పూర్తి ధర కట్టక్కర్లేదు, తేడా కడితే చాలు. కానీ ధర డాలర్లలో ఉంటుంది. విదేశాల నుంచి కొనే డిజిటల్ సరుకు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, దాని పైన బ్యాంకు ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీ మార్పిడికి తీసుకునే అదనం. కార్డులో ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి, 2020 నుంచి కొత్త కార్డుల్లో అవి మామూలుగా ఆఫ్‌లోనే వస్తాయి. 600 జీబీ అంటే వేరే ఎస్ఎస్‌డీ తప్పదు. మామూలు హార్డ్ డిస్క్ నుంచి అన్ని మైకుల ధ్వనిని ఒకేసారి లాగడం కుదిరే పని కాదు. ఆన్ చేసే ప్రతి మైకుకీ ర్యామ్ విడిగా ఖర్చవుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇలాంటి లైసెన్స్‌ని తర్వాత సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోలేం. కాబట్టి ‘కొని చూద్దాం’ అనే దారి లేదు. కొనకముందే తెలియాలి.

డెమోల మీద ఆధారపడదలుచుకోలేదు. ఏ లైబ్రరీ డెమో అయినా ఆ లైబ్రరీకి నప్పే సంగీతంతోనే ఉంటుంది, అందులో వింతేమీ లేదు. నాకు కావాల్సిన జవాబు నా పాత ప్రాజెక్టుల్లోనే ఉంటుందనుకున్నాను. ఒక్కొక్కటీ తెరిచి, స్ట్రింగ్స్ నాకు తృప్తినివ్వని చోటల్లా టైమ్‌కోడ్‌తో సహా రాసుకున్నాను. ఎవరైనా అప్‌గ్రేడ్ గురించి అడిగితే నేను మొదట చెప్పే పని ఇదే. ‘ఇంకా మంచి సౌండ్ కావాలి’ అన్న కోరిక పట్టుకుని కూర్చుంటే తేలదు. ఫలానా సీన్లో, సంగీతంలో ఫలానా చోట ఏం తక్కువైందో కాగితం మీద కనబడాలి.

ఆ జాబితాలో చాలా భాగం కోర్‌లోనే చక్కబడిపోయింది. కీబోర్డ్ మీది మాడ్యులేషన్ వీల్ అనే చక్రం కదిపితే మెల్లగా వాయించిన శాంపిల్ నుంచి గట్టిగా వాయించిన శాంపిల్‌కి ధ్వని మారుతుంది. ఎక్స్‌ప్రెషన్ అనే ఇంకో కంట్రోల్ కదిపితే వాల్యూమ్ మాత్రమే మారుతుంది. కంప్యూటర్‌లో ఈ రెండు కదలికల గీతల్నీ కలిపి గీసినప్పుడు సంగీత వాక్యం ఊపిరి పీల్చుకున్నట్టు వస్తుంది. స్పికాటో లాంటి పొట్టి స్వరాల్లో ఒకే స్వరానికి చాలాసార్లు వాయించిన రికార్డింగులు ఉంటాయి, అవి వంతులవారీగా పలుకుతాయి. అయినా వెలాసిటీలన్నీ (ఒక్కో స్వరాన్ని ఎంత గట్టిగా మీటారో చెప్పే అంకెలు) ఒకేలా ఉంటే మెషిన్‌గన్‌లా వినిపిస్తాయి. ఆ సర్దుబాట్లు చేశాక జాబితా బాగా తగ్గింది. మిగిలినవి రెండు రకాలు: డైలాగ్ కింద దగ్గరగా వినిపించాల్సిన నెమ్మదైన చోట్లు, ఒక్క వయొలిన్ ముందుకొచ్చి పాడాల్సిన చోట్లు.

చెన్నైలో కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేసే అన్న ఒకరున్నారు. ఆయన దగ్గర ప్రొఫెషనల్ ఉంది. కోర్‌లోని ఆర్టిక్యులేషన్లు, అంటే స్వరాన్ని వాయించే రకరకాల పద్ధతులు, ప్రొఫెషనల్‌లోనూ ఉంటాయి కాబట్టి కోర్‌లో రాసిన మిడి (ఏ స్వరం ఎప్పుడు, ఎలా వాయించాలో చెప్పే ఫైలు) ప్రొఫెషనల్‌లోనూ పలుకుతుంది. బౌన్స్ అంటే దాన్ని ఆడియో ఫైలుగా మార్చడం. ఫోన్ చేశాను.

“అన్నా, కొన్ని మిడి ఫైళ్లు పంపుతాను. నీ దగ్గర క్లోజ్, ట్రీ కలిపి ఒకటి, లీడర్‌తో ఒకటి బౌన్స్ చేసి పంపుతావా?”

“పంపు తమ్ముడూ. నీ కోర్ బౌన్స్ కూడా ఇవ్వు. అన్నిటి లెవెల్స్ సమానం చేసి, పేర్లు తీసేసి అంకెలు వేసి పంపిస్తా. ఏది ఏదో తర్వాత చెప్తా.”

లెవెల్స్ సమానం చేయడం ఆయన అనుభవం. కాస్త ఎక్కువ వాల్యూమ్‌లో ఉన్నదే బాగుందనిపించడం చెవి స్వభావం. ఈ జాగ్రత్త లేకుండా రెండు లైబ్రరీల్ని పోల్చిన మాటల్ని నేనిప్పుడు లెక్కలోకి తీసుకోవడం లేదు.

బ్రాస్, పెర్కషన్, స్ట్రింగ్స్ అన్నీ ఒకేసారి మోగే యాక్షన్ బిట్‌లో ఏది కోర్, ఏది ప్రొఫెషనల్ నాకు తెలియలేదు. ఇంట్లో వాళ్లకీ తెలియలేదు. నెమ్మదైన సీన్లో మాత్రం వెంటనే తెలిసింది. క్లోజ్ మైకు కలిసినచోట విల్లు తీగ మీద పడ్డ తొలి రాపిడి వినిపించింది. వయోలాలు చెవి పక్కకొచ్చాయి. ఇంజనీర్ అడిగింది ఇదే. లీడర్ వయొలిన్‌తో వచ్చిన బౌన్స్ ఇంకా బాగుంది. ఆ రాత్రి కొనేద్దామనే అనుకున్నాను.

ఆపింది మూడో ఫైలు. ఒక తల్లి, ఇల్లు వదిలి వెళ్లే కొడుకు ఉన్న సీను. ట్యూన్ ఆభేరి ఛాయలో కట్టాను. ఈ రాగంలో గాంధారం ఒక్కచోట నిలబడదు, మధ్యమాన్ని తాకుతూ ఊగుతుంది. శాంపిల్ లైబ్రరీలో ప్రతి స్వరాన్నీ విడిగా రికార్డ్ చేస్తారు. లెగాటో, అంటే తెగకుండా కలిపి వాయించడం కోసం ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే కదలికనీ రికార్డ్ చేస్తారు. కానీ అది పాశ్చాత్య పద్ధతిలో వేలు మారే కదలిక. స్వరాన్ని ఊపే మన కంపితానికి ఆ రికార్డింగుల్లో చోటు లేదు. స్వరం ఎత్తుని మార్చే పిచ్ వీల్‌తో ఆ ఊపు తెద్దామంటే, స్వరంతో పాటు శాంపిల్‌లో కలిసిపోయిన హాలు ప్రతిధ్వని కూడా ఊగుతుంది. నిజమైన హాల్లో అలా జరగదు. వయొలిన్ ఊగుతుంది, అప్పటికే గోడలకి తగిలి తిరిగొస్తున్న ధ్వని తన శ్రుతిలో తానుంటుంది. పైగా మొదటి వయొలిన్లలో ఉన్నది 16 మంది. అంతమంది ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకేలా ఊగడం ఏ సెక్షన్‌లోనూ వినం. చెవి దాన్ని వెంటనే ‘కీబోర్డ్’ అని పట్టేస్తుంది.

క్లోజ్ మైకులో హాలు తక్కువ కాబట్టి ఈ ఎబ్బెట్టుతనం తగ్గింది. లీడర్‌తో ఇంకా తగ్గింది. కానీ పోలేదు. అప్పటికే శాంపిల్‌లో ఉన్న వైబ్రాటో (పాశ్చాత్య పద్ధతిలో స్వరం సన్నగా కంపించడం) మీద మన ఊపు వేస్తే రెండూ గొడవ పడతాయి. కర్ణాటక వయొలిన్‌లో వేలు తీగ మీద జారుతున్నంతసేపూ విల్లు ఒత్తిడి కూడా మారుతూ ఉంటుంది, ఆ జారుడులోనే నాదం రంగు మారుతుంది. పిచ్ వీల్‌కి ఎత్తు తెలుసు, రంగు తెలియదు. ఇది ఒక్క లైబ్రరీ లోపం కాదు. శాంపిల్ అనే పద్ధతికే ఉన్న హద్దు. ఎన్ని మైకులు పెట్టి రికార్డ్ చేసినా ఆ హద్దు అక్కడే ఉంటుంది.

నా జాబితాని మళ్లీ ముందేసుకున్నాను. ప్రొఫెషనల్ నిజంగా గెలిచే చోట్లు అంటే నెమ్మదిగా, ఒంటరిగా, దగ్గరగా వినిపించే వాక్యాలు. నా పనిలో అలాంటి చోట్లు ఎక్కువగా రాగం మీద నడిచేవే. హంసధ్వని, మోహన ఛాయల్లో స్వరాలు కాస్త నిలకడగా రాసుకున్న ట్యూన్లు కోర్‌లోనే చక్కగా నిలబడుతున్నాయి. గమకం కోరే ట్యూన్లు రెండింటిలోనూ నిలబడటం లేదు. అంటే అప్‌గ్రేడ్ ఎక్కడ బాగా పనికొస్తుందో, సరిగ్గా అక్కడే నాకు మనిషి కావాలి.

అందుకే ఆ డబ్బుని వేరే దారి పట్టించాను. పెద్ద ఎస్ఎస్‌డీ ఒకటి, ర్యామ్ ఇంకొంచెం కొన్నాను, అవి ఏ లైబ్రరీకైనా పనికొస్తాయి. మిగిలింది వయొలిన్ కాల్‌షీట్ల కోసం పక్కన పెట్టాను. ఆభేరి బిట్ కోసం విజయనగరం మ్యూజిక్ కాలేజీలో నేర్చుకున్న వయొలిన్ మాస్టారు ఒకరు వచ్చారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటు అది. స్వరాలు రాసి ఇస్తే ఒకసారి చూసి, “డైలాగ్ వినిపించండి బాబూ” అన్నారు. తల్లి మాట ఆగేచోట ఊపు తగ్గించి, కొడుకు గుమ్మం దాటాక పెంచారు. అలాంటి మార్పుని నేను ముందే ఊహించి గీతల్లో గీయగలిగేవాణ్ణి కాదు.

రికార్డింగ్ పద్ధతి ఇలా ఉండింది. అదే వాక్యాన్ని ఆయన చేత మళ్లీ మళ్లీ వాయింపించాను, ప్రతిసారీ కుర్చీని మైకుకి కొంచెం దూరం జరిపి, కోణం మార్చి. దగ్గరి టేక్‌ని ముందు ఉంచి, దూరపువి వెనక్కి నెట్టాను. కోర్‌లోని హాలుకి దగ్గరగా వచ్చేలా రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) వెతికి ఈ టేకుల్ని అందులోకి పంపాను. కింద కోర్ వయోలాలు, చెల్లోలు నిలకడగా స్వరాలు పట్టుకుంటే సరిపోయింది. కోర్ మొదటి వయొలిన్లకి మాత్రం ఊగే స్వరాలు ఇవ్వలేదు, షడ్జమం, పంచమం మీదే నిలిపాను. లేకపోతే ఊగే గాంధారానికి కదలని గాంధారం అడ్డం పడుతుంది. మిక్సింగ్ ఇంజనీర్‌కి వయొలిన్ స్టెమ్ విడిగా ఇచ్చాను. దగ్గరగా కావాలన్న ఆయన అవసరమూ దాంతోనే తీరింది.

వేరే కంపెనీల లైబ్రరీల వైపు కూడా చూశాను, కానీ ఎక్కువసేపు కాదు. నెలనెలా అద్దె కట్టే పద్ధతిలో దొరికేవి కొన్ని ఉన్నాయి. కట్టడం ఆపితే పాత ప్రాజెక్టుల్లో ఆ వాయిద్యాలు పలకవు, ఏడాది తర్వాత డైరెక్టర్ చిన్న మార్పు అడిగితే ఇబ్బంది. కొన్నిట్లో లెగాటో స్వరం ఆలస్యంగా పలుకుతుంది, కాబట్టి ట్రాకుని ముందుకి జరపాలి, కంట్రోలర్ గీతలన్నీ కొత్తగా గీయాలి. ఒకే కుటుంబంలో పైమెట్టుకి వెళ్తే ఆ శ్రమ లేదు. ప్రొఫెషనల్ మీద నాకు ఇప్పటికీ మక్కువ ఉండటానికి అదే పెద్ద కారణం.

మీరు గేములకో, పూర్తిగా పాశ్చాత్య పద్ధతిలో ఉండే స్కోర్లకో పనిచేస్తుంటే, లేదా అట్మాస్ డెలివరీ అడుగుతుంటే, ప్రొఫెషనల్ కొనమనే చెప్తాను. ఆ మైకులు మీకు ప్రతిరోజూ పనికొస్తాయి. నాకూ అట్మాస్ పని వస్తే ఆ బడ్జెట్‌లోనే అప్‌గ్రేడ్ ఖర్చు రాసి ఇస్తాను. కొత్త ఎస్ఎస్‌డీలో 600 జీబీ ఖాళీగానే ఉంచాను. ప్రస్తుతానికి దసరాకి విడుదలయ్యే అమ్మవారి పాటల ఆల్బమ్ నడుస్తోంది. అందులో తోడి రాగంలో ఒక పాట ఉంది, దానికి మాస్టారి తారీఖులు ముందే తీసుకున్నాను.